పంతులు ధర
వాడ – బడి: ఆరో భాగం



పోయిన భాగంలో బడి గోడల గురించి రాశాను. స్థలం ఎవరిచ్చారు, కప్పు ఎవరు వేశారు, మన పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టారు అని. ఈసారి ఆ గోడల మధ్య నిలబడి పాఠం చెప్పే మనిషి గురించి రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

ఏప్రిల్ వచ్చిందంటే నాచారం నుంచి మల్లాపూర్ పోయే రోడ్డులో కరెంటు స్తంభాలకు కాగితాలు అంటుకుంటాయి. "టీచర్లు కావలెను. మ్యాథ్స్, సైన్స్, ఇంగ్లిష్, తెలుగు. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం." కింద ఒక ఫోన్ నంబరు. జూన్ వానలకు ఆ కాగితాలు తడిసి ఊడిపోతాయి. దసరా సెలవులు అయిపోగానే అదే స్తంభానికి, అదే బడి పేరుతో, ఇంకో కాగితం వస్తుంది. ఉప్పల్‌లోనూ అంతే, చిలకానగర్‌లోనూ అంతే. జీతం ఎంతో మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. కరస్పాండెంట్లను అడిగితే అందరిదీ ఒకటే మాట: "మంచి టీచర్లు దొరకట్లేదు మేడమ్. దొరికినా నిలబడట్లేదు."

దొరకట్లేదనే మాట నేను నమ్మను. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకు పడితే దరఖాస్తులు రెండున్నర లక్షలు దాటాయి. అంటే పంతులు పని కోసం డీఎడ్డో బీఎడ్డో చేసి, టెట్ రాసి, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో ఏళ్ళకు ఏళ్ళు కూర్చున్న మనుషులు అంతమంది ఉన్నారు. కొరత మనుషులది కాదు. ఆ పనికి కట్టిన ధర నలభై ఏళ్ళుగా మెట్టు మెట్టుగా కిందికి దిగింది. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఆ ధరకు వచ్చి నిలబడింది ఎక్కువగా మన వాడల్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లలు. ఈ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మాదరి భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1910లో ఇసామియా బజార్‌లో మన పిల్లలకు బడి మొదలుపెట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో, అంటరాని పిల్లలకు, తెలుగులో పాఠం. ఇప్పుడు తెలుగు మీద ప్రేమ గురించి సభలు పెట్టేవాళ్ళకు ఈ సంగతి ఎందుకో గుర్తు రాదు. ఆ బళ్ళు పెరిగి 26 అయ్యాయి, పిల్లలు 2,500 దాకా చేరారు. 1930లలో నిజాం ప్రభుత్వం వాటిని తన చేతుల్లోకి తీసుకుంది. వర్మగారి మీద నేను చదివిన వ్యాసాలన్నీ ఈ రెండు అంకెలూ చెప్తాయి. ఆ 26 బళ్ళలో రోజూ పొద్దున తాళం తీసిన మనిషి గురించి ఒక్క పేరా రాయవు. చందాల మీద నడిచే బడిలో డబ్బు తగ్గితే మొదట ఆగేది పంతులు జీతమే. నూనె, సుద్దముక్క, పలక లేకపోతే బడి ఆ పూటే ఆగిపోతుంది. జీతం రాకపోయినా పంతులు ఇంకో నెల వస్తాడు, పిల్లల మొహం చూసి. అందుకే సర్కారు ఆ బళ్ళను తీసుకోవడాన్ని నేను వర్మగారి ఉద్యమం ముగిసిన చోటుగా చూడను. మన పిల్లలకు చదువు చెప్పే మనిషి కూలి ఖజానా నుంచి రావాలన్న సూత్రం హైదరాబాదులో గెలిచింది అక్కడే. ఈ వ్యాసంలో మిగిలినదంతా ఆ సూత్రం ఎలా ఓడిపోతూ వచ్చిందన్నదే.

ఆ కాలంలో మిషన్ బళ్ళ దారి వేరు. మతం సంగతి కాసేపు పక్కన పెట్టండి, పని ఎలా నడిచిందో చూడండి. మెదక్‌లో వెస్లియన్ మిషన్, హనుమకొండలో బాప్టిస్టులు, డోర్నకల్‌లో ఆంగ్లికన్లు మాల మాదిగ పల్లెల్లో పెట్టిన బళ్ళలో చాలాచోట్ల పంతులు ఆ పల్లె మనిషే, లేకుంటే పక్క పల్లె మనిషి. పగలు పిల్లలకు అక్షరాలు, సాయంత్రం పెద్దలకు ప్రార్థన. భార్యకు చదువొస్తే ఆమె కూడా ఆడపిల్లలకు చెప్పేది, చాలాసార్లు విడిగా జీతం లేకుండానే. జీతం తక్కువే, కానీ ఉండడానికి ఇల్లు పల్లెలోనే. అతను ఊరు వదిలి పోలేదంటే జీతం కట్టిపడేసి కాదు, పోవడానికి ఇంకో ఊరు అతన్ని రానియ్యదు గనక. "ఆ కాలం పంతుళ్ళు ఎంత అంకితభావంతో ఉండేవాళ్ళు" అని నిట్టూర్చేవాళ్ళు ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే ఇప్పటి కోస్తా, రాయలసీమ వైపు, ఇంకో పద్ధతి నడిచింది. 19వ శతాబ్దం రెండో సగంలో అక్కడ ఎయిడెడ్ బళ్ళకు ఫలితాల మీద గ్రాంటు ఇచ్చేవాళ్ళు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తే, పాసైనవాళ్ళ లెక్కన డబ్బు. ఈ మాట పక్కన ఉంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మన వైపు మనుషుల్లో ఈశ్వరీబాయి గారిని చెప్పకుండా ముందుకు పోలేను. ఉప్పల్ రోడ్డు మీదుగా తార్నాక దాటి కొంచెం పోతే చిలకలగూడ. 1918లో అక్కడ పుట్టిన ఆమె సికింద్రాబాద్‌లోని పరోపకారిణి బాలికల పాఠశాలలో టీచరు. తర్వాత తనే బడి పెట్టారు. ఎల్లారెడ్డి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు, 1967లో, 1972లో. అసెంబ్లీలో ఆమె గొంతు గురించి అందరూ చెప్తారు. ఆ గొంతు తయారైంది తరగతి గదిలో అని నా నమ్మకం. ఆ తరంలో మన ఆడవాళ్ళకు గౌరవంగా నిలబడే చోటు బడి ఒక్కటే. గుంటూరులో తెలుగు పండితుడుగా పనిచేసిన జాషువా గారికైనా కవిగా రాకముందు నెల నెలా బియ్యం తెచ్చింది పంతులు ఉద్యోగమే.

ఇక ఉప్పల్, నాచారం. నిజాం కాలంలో ఈ ఊళ్ళు అత్రాఫ్ బల్దా, నగరం చుట్టూ ఉన్న రాజుగారి సొంత రాబడి జిల్లా. మూసీ ఒడ్డున భాగాయత్ పొలాలు, కూరగాయలు. తర్వాత ఎన్జీఆర్ఐ, సర్వే ఆఫ్ ఇండియా, సీసీఎంబీ వచ్చాయి. ఇంకోవైపు నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలు వచ్చాయి. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, శ్రీకాకుళం నుంచి జనం వచ్చి ఫ్యాక్టరీ గోడల పక్కన గుడిసెలు వేసుకున్నారు. మా ఇల్లు అట్లాంటిదే. మా అమ్మ ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. శాస్త్రవేత్తల పిల్లలకు కేంద్రీయ విద్యాలయం, మాకు రేకుల బడి. ఆ రేకుల బడికి పక్కా పోస్టుల్లో వచ్చిన టీచర్లు మాత్రం గట్టివాళ్ళు. ఎందుకంటే ఆ ఉద్యోగానికి స్కేలు ఉంది, పెన్షన్ ఉంది, ఊళ్ళో మర్యాద ఉంది.

మొదటి మెట్టు 1980లలో దిగింది. ఎన్టీఆర్ ప్రభుత్వం స్పెషల్ టీచర్లను తీసుకుంది. నెలకు 398 రూపాయలు. అదే బడి, అదే గంట, అదే హాజరు పట్టీ, జీతం మాత్రం పక్క కుర్చీలో కూర్చున్న రెగ్యులర్ సారుతో పోలిస్తే చిల్లర. జనం వాళ్ళను పేరు పెట్టి పిలవడం కూడా మానేసి "త్రీ నైంటీ ఎయిట్ సార్లు" అన్నారు. రెగ్యులర్ అవడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళ సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వండని ఇంకో ఇరవై ఏళ్ళు తిరిగారు. మనిషికి జీతమే పేరైపోవడం మన కులాలకు తెలియని అవమానం కాదు, కానీ ఈసారి అది సర్కారు ఆర్డరుతో వచ్చింది.

తర్వాత అప్రెంటిస్ పద్ధతి. డీఎస్సీలో ర్యాంకు కొట్టి, రోస్టరులో చోటు దొరికి, నియామక పత్రం చేతికొచ్చినా మొదటి రెండేళ్ళు స్కేలు లేదు, ఏకమొత్తంగా కొద్ది రూపాయలు. ఊరు కాని ఊళ్ళో గది అద్దె కట్టాలి, ఇంటికి పంపాలి. 1990ల చివర్లో, 2000ల మొదట్లో మా చుట్టాల్లో టీచర్లయినవాళ్ళు మొదటి రెండేళ్ళు అప్పు చేసి ఉద్యోగం చేశారు. ఎస్సీ వర్గీకరణ కొన్నాళ్ళు అమల్లో ఉన్నది కూడా ఆ రోజుల్లోనే. మాదిగ ఇళ్ళలో చాలాచోట్ల మొదటి టీచరమ్మ ఆ బ్యాచుల్లోనే వచ్చింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. (ఈ విషయం మీద మాల మిత్రులకూ నాకూ వాదన ఉంది. దానికి ఇంకో భాగం ఉంటుంది, ఇక్కడ వద్దు.)

మూడో మెట్టు విద్యా వాలంటీరు. పేరు చూడండి: వాలంటీరు. మనిషి స్వచ్ఛందంగా వచ్చాడు కాబట్టి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. మొదట్లో వెయ్యి రూపాయలు. తెలంగాణ వచ్చాక ఎనిమిది వేలు, ఆ తర్వాత పన్నెండు వేలు. పని చేసిన రోజులకే డబ్బు, వేసవికి లేదు. ప్రతి జూన్‌లో "ఈ ఏడు మమ్మల్ని తీసుకుంటారా" అని ఎంఈవో ఆఫీసు మెట్ల దగ్గర నిలబడడం. 2020 మార్చిలో కరోనాకు బళ్ళు మూశారు. తెరిచాక ఆ దాదాపు 12 వేల మందిని మళ్ళీ పిలవలేదు. తీసేసినట్టు కాగితం ఇవ్వాల్సిన పని కూడా లేకపోయింది, ఎందుకంటే ఉన్నట్టే ఎక్కడా కాగితం లేదు.

ఇక్కడ ఆర్థికవేత్తలతో ఒక పేచీ ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బళ్ళలో పెద్ద అధ్యయనం చేశారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చి చూశారు. బోనస్ సగటున ఏడాది జీతంలో మూడు శాతం అటూ ఇటూ. మార్కులు పెరిగాయి. ఇందాక పక్కన పెట్టమన్న ఫలితాల గ్రాంటు నూరేళ్ళ తర్వాత కొత్త బట్టలు వేసుకుని వచ్చిందన్నమాట. ఇంకో భాగంలో వంద బళ్ళకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. కాంట్రాక్టు టీచర్ల గైర్హాజరు 18 శాతం, రెగ్యులర్ వాళ్ళది 27 శాతం అని తేలింది. జీతం ఐదో వంతు, పాఠం నాణ్యత ఏమీ తగ్గలేదు అన్నారు.

ఆ అంకెలతో నాకు గొడవ లేదు. రెగ్యులర్ టీచర్లలో బడి ఎగ్గొట్టేవాళ్ళు ఉన్నారు, మన వాడ బళ్ళలో ఇంకా ఎక్కువ ఉన్నారు, అది మన పిల్లలకు జరిగిన దొంగతనమే. సంఘాలు ఈ మాట ఒప్పుకోవు, నేను ఒప్పుకుంటా. కానీ ఆ అధ్యయనాన్ని చేతిలో పట్టుకుని "తక్కువ జీతానికి కూడా పని జరుగుతోంది కదా" అన్నవాళ్ళతో నాకు గొడవ. ఆ కాంట్రాక్టు అమ్మాయి రోజూ బడికి వచ్చింది ఎందుకు? వచ్చే డీఎస్సీలో పక్కా ఉద్యోగం వస్తుందన్న ఆశ మీద. పైన ఉన్న పక్కా పోస్టే కింద ఉన్న చవక పోస్టును నడిపిస్తోంది. పైది తీసేస్తే కిందది కూడా కూలుతుంది. రెండు మూడేళ్ళ అధ్యయనంలో ఇది కనబడదు. పదేళ్ళు వాలంటీరుగా చేసి వయసు మీరిన మనిషిని చూస్తే కనబడుతుంది.

డీఎస్సీల మధ్య ఎడం చూడండి: 2012, తర్వాత 2017, ఆ తర్వాత 2024. పన్నెండేళ్ళలో మూడే. 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌ను రద్దు చేసి పెద్దది వేశారు. ఇక 1998 డీఎస్సీ వాళ్ళ కథ తెలియనివాళ్ళు లేరు. ఆంధ్రాలో వాళ్ళకు 2022లో, అంటే 24 ఏళ్ళకు, దారి తెరిచారు, అదీ కాంట్రాక్టు మీద. 2008 డీఎస్సీలో నష్టపోయిన బీఎడ్ వాళ్ళను తెలంగాణ 2025లో తీసుకుంది, అదీ కాంట్రాక్టు మీదే. పాతికేళ్ళప్పుడు పాఠం చెప్పడానికి సిద్ధమైన మనిషిని నలభై దాటాక బడిలోకి పంపి, "మంచి టీచర్లు లేరు" అంటే ఏమనాలి?

ఈ ఎడంలో ఆ మనుషులంతా ఎక్కడుంటారు? ఉప్పల్, నాచారం గల్లీల్లో. నేనూ ఉన్నాను. ఎమ్మే తెలుగు అయిపోయి పీహెచ్‌డీ సీటు కోసం చూస్తున్న ఏడు, నాచారంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా చేరాను. పేరు వద్దు. నెలకు 6,500. లెక్కల సారుకు పదకొండు వేలు, ఎందుకంటే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు మీద రాసింది ఆయన పేరు చూపించే. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు. మొదటి నెల జీతం "డిపాజిట్". ఏప్రిల్ నెలంతా ఎండలో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తేవాలి, మనిషికి ఇన్ని అని టార్గెట్. మే నెలకు జీతం లేదు. నాతో పాటు పదహారు మంది చేరితే, ఏడాది తిరిగేసరికి ఐదుగురం మిగిలాం. స్టాఫ్ రూములో ఎవరూ కులం అడగలేదు, నిజమే. మా టిఫిన్ బాక్సులు చూసి తెలుసుకున్నారు. పీహెచ్‌డీ సీటు వచ్చి మానేస్తానంటే సర్టిఫికెట్లు ఇవ్వడానికి రెండు నెలలు తిప్పారు. యూనివర్సిటీ గడువు ముందురోజు సాయంత్రం ఇచ్చారు.

ఆ అధ్యయనకారులే ఇంకోచోట తేల్చింది: ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ప్రైవేటు టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు. నగరంలో కొంచెం మెరుగేమో గానీ అద్దె కూడా నగరం అద్దే. 2018లో అన్ని బళ్ళలో తెలుగు తప్పనిసరి చేస్తూ తెలంగాణ చట్టం తెచ్చింది. తెలుగు ఎమ్మేలు చేసిన మా పిల్లలు సంతోషపడ్డారు. చట్టం పీరియడ్ ఇచ్చింది, జీతం గురించి ఏమీ అనలేదు. చాలా బళ్ళలో ఆ పీరియడ్‌ను హిందీ టీచరుకో సోషల్ టీచరుకో కలిపేశారు.

కరోనాలో ఈ మనుషులు ఎంత పల్చటి మంచు మీద నిలబడ్డారో బయటపడింది. బళ్ళు మూతపడగానే జీతాలు ఆగాయి. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఇడ్లీ బండి పెట్టినాయన మొన్నటిదాకా ఫిజిక్స్ సారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. ఇచ్చింది కూడా, మంచిదే. కానీ ఆ జాబితా కోసం లెక్క తీసేదాకా రాష్ట్రంలో ప్రైవేటు టీచర్లు ఎంతమంది, ఎక్కడున్నారు అని ఎవరూ పట్టించుకోలేదు.

పక్కా టీచర్ల సంగతికి వద్దాం. వాళ్ళు నిలబడరా? నిలబడతారు, కానీ ఎక్కడ? పొద్దున ఏడున్నరకు ఉప్పల్ చౌరస్తాలో భువనగిరి, జనగామ వైపు పోయే బస్సుల దగ్గర చూడండి. చేతిలో లంచ్ బ్యాగు, భుజాన హ్యాండ్‌బ్యాగు, సగం మంది టీచర్లే. కాపురం ఇక్కడ, బడి అక్కడ. తప్పుపట్టే ముందు లెక్క చూడండి. ఇంటి అద్దె భత్యం హైదరాబాద్ నగరంలో పనిచేస్తే మూల వేతనంలో 24 శాతం, మామూలు పల్లెలో పనిచేస్తే 11 శాతం. పల్లెలో ఉంటే డబ్బు తక్కువ, పిల్లలకు కాలేజీ లేదు, దళిత టీచరైతే ఊరి నడుమ ఇల్లు అద్దెకు దొరకదు. ఈ చివరి మాట ఏ కమిటీ రిపోర్టులోనూ రాయరు. జనగామ వైపు పనిచేసే మా మేనత్త కొడుకు ఆరు నెలలు ఇల్లు వెతికి, ఉప్పల్ నుంచి తిరగడం మొదలుపెట్టాడు. హెడ్‌మాస్టరు అతన్ని "సిటీ మోజు" అన్నాడట.

అది చాలదన్నట్టు 2021 డిసెంబరులో 317 జీవో. పాత జిల్లాల ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు పంచారు. పాత రంగారెడ్డి మూడైంది: మేడ్చల్, రంగారెడ్డి, వికారాబాద్. సీనియర్లు నగరం అంచున ఉన్న జిల్లాలు కోరుకున్నారు, జూనియర్లు మిగిలిన చోటికి పోయారు. రిజర్వేషన్‌లో వచ్చి సర్వీసు తక్కువ ఉన్నవాళ్ళు ఆ జూనియర్లలో ఎంతమందో ఎవరూ లెక్క తీయలేదు. భార్య ఒక జిల్లా, భర్త ఇంకో జిల్లా. కలపండని అడిగితే మేడ్చల్, రంగారెడ్డితో సహా 13 జిల్లాలను బ్లాక్ చేశారు. పిల్లల్ని చంకనేసుకుని టీచర్లు డైరెక్టరేట్ ముందు కూర్చున్న ఫోటోలు మీరు చూసే ఉంటారు. మామూలు బదిలీలు కూడా 2018 తర్వాత 2023లో మొదలై, కోర్టులో ఆగి, 2024లో గానీ పూర్తి కాలేదు.

2024 అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో పదివేల మందికి పైగా కొత్త టీచర్లకు నియామక పత్రాలు ఇచ్చారు. మా డిగ్రీ కాలేజీలో చదివిన ఇద్దరు అమ్మాయిలు అందులో ఉన్నారు, ఇద్దరూ ఎస్జీటీలు. ఒకామె ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అదే రోజు చిలకానగర్‌లో మా ఇంటి వెనక గల్లీలో ఉండే అక్క కూడా గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళు విద్యా వాలంటీరు. ఈ డీఎస్సీ రాసింది. ఇరవై ఏళ్ళ కిందట చదివిన డీఎడ్, పొద్దున పిల్లలకు డబ్బా కట్టి, రాత్రి పదింటికి పుస్తకం తెరిచి. మార్కులు వచ్చాయి, ర్యాంకు రోస్టరు దాకా రాలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెప్తోంది, పదకొండు వేలకు. సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉన్నాయి. వచ్చే డీఎస్సీకి జిరాక్సులతో అప్లై చేయొచ్చా అని మొన్న ఆదివారం అడిగింది. దరఖాస్తుకు చాలు అక్కా, వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ కావాలి అన్నాను. "అయితే ముందే మానెయ్యాలి" అంది.

వచ్చే భాగం: గురుకులాల్లో రాత్రి డ్యూటీ ఎవరిది?

జై భీమ్.